లెటర్‌మన్ షో వెనక రాసిన మనిషి పేరు మీలో ఎంతమందికి తెలుసు?

నైట్‌డ్యూటీ_నాని
నాది రాత్రి షిఫ్టు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా వాళ్ల సర్వర్లు చూసుకునే పని. టికెట్లు రాని టైంలో యూట్యూబ్‌లో అమెరికాలో రాత్రిపూట టాక్ షో నడిపిన డేవిడ్ లెటర్‌మన్ పాత ముక్కలు చూడటం రెండేళ్లుగా అలవాటైపోయింది.

నిన్న ఒకటి చూశా. న్యూయార్క్‌లో బల్బులు మాత్రమే అమ్మే షాపు, పేరే 'జస్ట్ బల్బ్స్'. లెటర్‌మన్ లోపలికెళ్లి కౌంటర్ దగ్గరున్న ఆమెని సీరియస్‌గా అడుగుతాడు, ఇక్కడ బల్బులు కాక ఇంకేం దొరుకుతాయి అని. ఏం దొరకవు, బల్బులే. మరి ల్యాంప్ షేడ్లు? లేవు. అక్కణ్ణుంచి షేడ్లు మాత్రమే అమ్మే 'జస్ట్ షేడ్స్' కి పోతాడు. అంతే, అందులో జోకంటూ ఏమీ లేదు. ఆయన అడగడం, వాళ్లు ఓపిగ్గా జవాబు చెప్పడం. నేను సీట్లో నోరు నొక్కుకుని నవ్వుతుంటే మా టీమ్ లీడ్ వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఎవరు రాశారా అని వెతికితే మెరిల్ మార్కో అనే ఆవిడ పేరు వచ్చింది. మళ్లీ కామెంట్లకెళ్లి కిందిదాకా చదివా. అందరూ 'డేవ్ జీనియస్' అన్నవాళ్లే. ఆవిడ పేరు ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. కడుపు మండింది. ఇక్కడ ఎవరికైనా ఆవిడ తెలుసా?

వరంగల్_విక్కీ
నాకైతే ఎర్క లేదన్నా. లెటర్‌మన్ పేరే ఇన్న, షో ఎన్నడూ చూడలే. చెప్పేటోళ్లుంటే చెప్పుండ్రి.

ఫ్రీమాంట్_పద్మ
నాకు తెలుసు నానీ. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఆవిడ కుక్కల మీద రాసిన వ్యాసాల పుస్తకం లైబ్రరీలో దొరికింది. అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నా. కాస్త పొడుగ్గానే రాస్తా, ఏమనుకోకండి.

1948లో న్యూయార్క్‌లో పుట్టింది. బర్క్‌లీలో చదివింది ఆర్ట్. మాస్టర్స్ అయ్యాక కొన్నాళ్లు కాలేజీలో పాఠాలు కూడా చెప్పింది. తర్వాత లాస్ ఏంజెలెస్ దారి పట్టింది. 1977లో 'లాఫ్-ఇన్' అనే పాత కామెడీ షోని మళ్లీ తీస్తే అందులో రాసింది. 1978లో కామెడీ స్టోర్ క్లబ్బులో లెటర్‌మన్ పరిచయం. అప్పటికి ఇద్దరూ కొత్తవాళ్లే. పదేళ్లు కలిసి ఉన్నారు.

1980 జూన్‌లో ఎన్‌బీసీ అనే టీవీ నెట్‌వర్క్ లెటర్‌మన్‌కి పొద్దుటి పూట షో ఇచ్చింది. హెడ్ రైటర్ ఈవిడే. పొద్దున్నే ఇంటిపని చేసుకుంటూ టీవీ పెట్టుకునేవాళ్లకి అది ఎక్కలేదు. అక్టోబర్‌లో ఎత్తేశారు, పట్టుమని నాలుగు నెలలు. కానీ జనం తమ పెంపుడు జంతువుల చిత్రమైన విద్యలు చూపించే 'స్టుపిడ్ పెట్ ట్రిక్స్' ఆ నాలుగు నెలల్లో పుట్టిందే. ఎత్తేసిన ఆ షోకే తర్వాత రెండు డేటైమ్ ఎమ్మీలు (పగటి షోలకిచ్చే టీవీ అవార్డులు) వచ్చాయి, ఒకటి రచనకి.

1982 ఫిబ్రవరి 1న రాత్రి పన్నెండున్నరకి 'లేట్ నైట్' మొదలైంది. మొదటి హెడ్ రైటర్ మళ్లీ ఆవిడే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దానికి ముందు వచ్చేది జానీ కార్సన్ షో. దీని నిర్మాణంలోనూ కార్సన్ కంపెనీదే చెయ్యి. వాళ్ల షరతులు ఎలా ఉండేవంటే, కార్సన్‌కి ఎడ్ మెక్‌మాన్ ఉన్నట్టు పక్కన తోడు మనిషి కూర్చోకూడదు. బాకాలతో పెద్ద బ్యాండు పెట్టకూడదు. మొదట్లో చెప్పే జోకులు కార్సన్‌లా పొడుగ్గా సాగకూడదు. టాక్ షోకి కాళ్లూ చేతులూ అనుకున్నవే తీసేసి ఇక నడవమన్నారన్నమాట.

అప్పుడావిడ వీధిలోకి చూసింది. షాపులున్నాయి, జనాల ఇళ్లలో కుక్కలున్నాయి, ప్రేక్షకులు రాసే ఉత్తరాలున్నాయి. వాటినే షో చేసేసింది. నానీ చూసిన బల్బుల షాపు అలా వచ్చిందే. ఉత్తరాలు చదివే 'వ్యూయర్ మెయిల్' కూడా. మైకు పట్టుకుని రోడ్డు మీదికెళ్లి మామూలు మనుషులతో మాట్లాడి నవ్వించే వీడియోలు ఇవాళ ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టండి.

కాకినాడ_కాజా
పద్మక్కా సూపర్. అయితే ఒక టాపిక్ మీద పది జోకులు వరసగా చదివే ఆ టాప్ టెన్ లిస్టు కూడా ఆవిడదేనా? నాకు లెటర్‌మన్ అంటే అదే గుర్తు.

ఫ్రీమాంట్_పద్మ
కాదు కాజా. అది 1985 సెప్టెంబర్ 18న మొదలైంది, అప్పుడు హెడ్ రైటర్ స్టీవ్ ఓడానెల్. మార్కో రాత్రి షో మొదలైన కొద్దికాలానికే ఆ కుర్చీ వదిలేసింది, బయట తీసే ముక్కలు మాత్రం తర్వాత కూడా రాసింది. ఆవిడది కానిది ఆవిడకి కట్టబెట్టొద్దు. మనం పోట్లాడేదే దాని గురించి కదా.

కాకినాడ_కాజా
ఒప్పుకున్నా. కానీ పెట్ ట్రిక్స్ మాత్రం మా ఇంటి విషయం. మా టామీ గాడు కరెంటు పోగానే లేచి వెళ్లి ఇన్వర్టర్ ముందు కూర్చుంటాడు. ఎవరూ నేర్పలేదు.

వరంగల్_విక్కీ
ఈడియో పెట్టు కాజా బ్రో, మాటలొద్దు.

పాత_రేడియో
మీ అందరికీ కోపం వచ్చినా సరే, రెండో వైపు కూడా చెబుతాను. జోకు కాగితం మీద ఉన్నంతసేపూ అది జోకు కాదు. ఆ బల్బుల షాపులో నిలబడి, నవ్వకుండా, ఎదుటి మనిషిని చిన్నబుచ్చకుండా అడగాలి. అది అందరివల్లా అయ్యే పని కాదు. బెడిసికొడితే మర్నాడు తిట్లు తినేది ఎవరు? తెరమీది మనిషే. షో పోతే పరువు పోయేది అతనిదే. రచయిత ఇంకో షోలో చేరతాడు. పేరు అతనికి రావడంలో అన్యాయం నాకు కనబడలేదు.

పైగా అలాంటి షోకి డజను మందికి పైనే రాస్తారు. ఏ మాట ఎవరిదో వాళ్లకే తెలియదు. ఎవరి పేరని చెప్పమంటారు?

నైట్‌డ్యూటీ_నాని
రేడియో గారూ, డజను మంది రాసిందాన్ని ఒక్కడు రాశాడన్నట్టు చెప్పుకోవడమే కదండీ నా బాధ. డజను పేర్లూ చెప్పొచ్చుగా.

క్వీన్స్_కిరణ్
చెప్తున్నారు బ్రో, చివర్లో పేర్లు పడతాయి. ఎవరూ చూడరు, అంతే.

రచయితల బలం ఎంతో చూడాలంటే సమ్మె రోజులు చూడాలి. 2023 మే 2న రచయితల సంఘం సమ్మెకి దిగింది. సీరియళ్లకి ముందే తీసిన ఎపిసోడ్లు ఉంటాయి, సినిమాలకి టైం ఉంటుంది. లేట్ నైట్ షోలకి ఏ రోజు సరుకు ఆ రోజే. అందుకే అన్నిటికంటే ముందు అవే ఆగిపోయాయి. 148 రోజులు. కోల్బేర్, ఫాలన్, కిమ్మెల్, మయర్స్, ఆలివర్ ఐదుగురు హోస్టులూ కలిసి పాడ్‌కాస్ట్ పెట్టి, వచ్చిన డబ్బు తమ షోల స్టాఫ్‌కి ఇచ్చారు. తెరమీది మనిషే మొత్తం అయితే ఐదుగురు మహామహులు ఐదు నెలలు ఖాళీగా ఎందుకు కూర్చున్నట్టు?

పాత_రేడియో
సంఘం నియమం కాబట్టి కూర్చున్నారు. అంతకుముందు 2007 నవంబర్‌లో మొదలైన సమ్మె గుర్తుందా? 2008 జనవరి 2న లేట్ నైట్ హోస్టులు కోనన్ ఓబ్రయన్, జే లెనో రచయితలు లేకుండానే షోలు మళ్లీ మొదలుపెట్టారు. ఓబ్రయన్ టేబుల్ మీద పెళ్లి ఉంగరం బొంగరంలా తిప్పి, ఎంతసేపు తిరుగుతుందో టైం చూపించాడు. జనం చూశారు కూడా.

ఫ్రీమాంట్_పద్మ
రేడియో గారూ, మీరే నా పని సులువు చేశారు. ఉంగరం తిప్పాలని ఓబ్రయన్‌కే ఎందుకు తట్టింది? ఆయన పుట్టు రచయిత. 1988 నుంచి 91 దాకా 'సాటర్డే నైట్ లైవ్' అనే స్కిట్ల షోకి, తర్వాత 'సింప్సన్స్' కార్టూన్ సీరియల్‌కి రాశాడు. తెరమీద దాదాపు అనుభవమే లేకుండా 1993లో లెటర్‌మన్ వేరే ఛానెల్‌కి పోతూ వదిలిన కుర్చీలో కూర్చోబెట్టారు. మొదట్లో షోని పదమూడేసి వారాలకే పొడిగిస్తూ వచ్చారు, మెడ మీద కత్తి. రచయితలు బయట జెండాలు పట్టుకుని తిరుగుతుంటే లోపల ఇంకో రచయిత షో నడిపాడు, జరిగింది అది.

ఇంకోటి. ఆ సమ్మెలో లెటర్‌మన్ షో కూడా అదే జనవరి 2న తిరిగొచ్చింది, కానీ తన రచయితలతో. షో ఆయన సొంత కంపెనీది కాబట్టి సంఘంతో విడిగా ఒప్పందం చేసుకున్నారు. రాసేవాళ్లు లేకుండా కూర్చోవడం ఆయనకి ఇష్టం లేకపోబట్టే కదా అంత తంటా పడింది.

వరంగల్_విక్కీ
గట్టిగ ఇచ్చినవ్ పద్మక్కా 🔥

స్క్రిప్ట్_శ్రావణి
రెండేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. ఇది చూశాక ఆగలేకపోయా.

నేను టీవీ కామెడీ స్కిట్లకి రాస్తా. ఛానెల్ పేరు, షో పేరు అడగొద్దు. సోమ, మంగళవారాలు కృష్ణానగర్‌లో టీమ్ లీడర్ రూమ్‌లో కూర్చుంటాం. కింద చాప, మధ్యలో ఫ్లాస్కులో అల్లం టీ, గోడకి ఆనుకుని ఐదారుగురం. ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఒకరు మాట విసురుతారు, ఇంకొకరు దాన్ని అందుకుంటారు. రూమ్ మొత్తం నవ్వితే నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది. నవ్వకపోతే టీ తాగుతాం.

పోయినేడు ఒక పెళ్లిచూపుల స్కిట్ రాశా. పెళ్లికొడుకు తండ్రి అడుగుతాడు, అమ్మాయికి వంట వచ్చా అని. నాయనమ్మ అంటుంది, 'మా పిల్లకి వంట వచ్చు బాబూ. మీవాడికి కంచం ఎత్తడం వచ్చా?' మా ఇంట్లో మా నాయనమ్మ నోటి తీరే అది. షూటింగ్‌లో పేలిపోయింది. ప్రేక్షకులు చప్పట్లు ఆపరు. ఆర్టిస్ట్ మైకు తీసుకుని 'ఈ లైన్ అప్పటికప్పుడు తట్టింది సార్' అన్నాడు. నేను కెమెరా వెనక ప్రాపర్టీ బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నా, అందులో పెళ్లిచూపుల పళ్లెం. నోరు తెరవలేదు. తెరిస్తే సోమవారం చాప మీద చోటు ఉండదు.

రేడియో గారూ, చెప్పేవాళ్ల గొప్పతనం నేను కాదనను. ఆ ఆర్టిస్ట్ ఆ మాట అద్భుతంగా చెప్పాడు, నేను చెబితే అంత పేలేది కాదు. 'శ్రావణి రాసింది సార్' అని ఉంటే ఆయనకొచ్చిన చప్పట్లలో ఒక్కటైనా తగ్గేదా?

నైట్‌డ్యూటీ_నాని
శ్రావణి గారూ, ఆ లైన్ నేను చూశా!!! మా అమ్మకి ఫార్వర్డ్ కూడా చేశా. మీదని ఇప్పుడే చెప్తున్నా ఆవిడకి.

కాకినాడ_కాజా
'మీవాడికి కంచం ఎత్తడం వచ్చా' మా ఇంట్లో రోజూ వాడుతున్నాం అక్కా. రచన శ్రావణి అని చెప్పి మరీ వాడతాం ఇకనుంచి.

పాత_రేడియో
అమ్మా శ్రావణీ, చదివాను.

నేను ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగినవాణ్ణి. నాటకానికి ముందు పేరు చెప్పేవారు, ఆ వెంటనే 'రచన' అని రచయిత పేరు. ఆ తర్వాతే మిగతావి. మా నాన్నగారు ఆ రచన పేరు వినే, రేడియో ఉంచాలా కట్టాలా అని తేల్చుకునేవారు. తెరమీది మనిషికే పేరు రావడంలో తప్పు లేదని పైన రాశాను. అది వెనక్కి తీసుకోను, చెప్పేవాడి కష్టం కష్టమే. కానీ 'అప్పటికప్పుడు తట్టింది' అనడం అబద్ధం. దాన్ని నేను సమర్థించను.

ఫ్రీమాంట్_పద్మ
శ్రావణీ, నువ్వు 'ఆడపిల్లని నేనొక్కదాన్నే' అన్నావు చూడు, అక్కడ ఆగిపోయా. మార్కోని షో మొదటి హెడ్ రైటర్ అంటున్నామా, ఆ తర్వాత చాలాకాలం ఆ గదిలో ఆడవాళ్లే కరువు. 1990లో నెల్ స్కోవెల్ చేరింది, కొద్ది నెలలకే వెళ్లిపోయింది. 2009లో ఆవిడే పత్రికలో వ్యాసం రాసింది: ఈ రోజున లెటర్‌మన్, లెనో, ఓబ్రయన్ మూడు షోల్లో కలిపి ఒక్క ఆడ రచయిత లేదు అని. మూడు షోలు. సున్నా. మొదటి షోకి రూపం ఇచ్చిందే ఒక ఆడది అయితే, ఇరవై ఏడేళ్ల తర్వాత లెక్క ఇది.

క్వీన్స్_కిరణ్
వార్తల మీద కామెడీ చేసే 'ద డైలీ షో' కూడా అంతే పద్మక్కా. అందరూ జాన్ స్టూవర్ట్ షో అంటారు. 1996లో దాన్ని పుట్టించింది మాడెలిన్ స్మిత్‌బర్గ్, లిజ్ విన్‌స్టెడ్. స్టూవర్ట్ వచ్చింది 1999లో. విన్‌స్టెడ్ అప్పటికే వెళ్లిపోయింది.

ఇప్పుడు కాస్త మెరుగు. సెత్ మయర్స్ షోలో అంబర్ రఫిన్ 2014లో చేరింది. నెట్‌వర్క్ లేట్ నైట్ టాక్ షోకి రాసిన మొదటి నల్లజాతి మహిళ. 2014 దాకా ఒక్కరూ లేరంటే ఆలోచించండి. మయర్స్ ఏం చేశాడంటే, తన నోట బాగోని జోకులు వాటిని రాసిన ఆడవాళ్ల చేతే తెరమీద చెప్పించాడు. రఫిన్‌కి ఆ తర్వాత సొంత షో వచ్చింది.

వరంగల్_విక్కీ
మనోళ్లు ఎవరన్న ఉన్నరా అక్కడ? రాసేటోళ్లు?

క్వీన్స్_కిరణ్
ఉన్నాడు విక్కీ. హరి కొండబోలు. ఇక్కడే న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన తెలుగు కుటుంబం వాడు. ఎఫ్‌ఎక్స్ ఛానెల్లో 2012లో వచ్చిన 'టోటలీ బయస్డ్' షోకి రాశాడు. కమావు బెల్ హోస్ట్, క్రిస్ రాక్ నిర్మాతల్లో ఒకడు. రాసిన వాటిలో కొన్ని తనే తెరమీద చెప్పాడు. టీవీలో ఇండియన్లని ఎలా చూపిస్తారన్నదాని మీద అక్కడ చెప్పిన ముక్క తర్వాత పెద్ద చర్చకి దారి తీసింది. మా నాన్న మొదటిసారి కొండబోలు అనే ఇంటిపేరు ఇక్కడి టీవీలో విని రిమోట్ కింద పెట్టేశారు.

కాకినాడ_కాజా
మరి మార్కో చివరికి ఏమైంది? కుర్చీ వదిలేశాక?

ఫ్రీమాంట్_పద్మ
1988లో లెటర్‌మన్‌తో విడిపోయింది. ఇల్లూ ఆఫీసూ ఒకటే అయితే ఎంత కష్టమో తర్వాత తనే చాలాసార్లు చెప్పుకుంది. షోకి మాత్రం 1984 నుంచి 87 వరకూ వరుసగా నాలుగేళ్లు రచనకి ఎమ్మీ వచ్చింది, ఆవిడ వేసిన బాట మీదే.

తర్వాత లాస్ ఏంజెలెస్‌లో లోకల్ న్యూస్‌లో సరదా రిపోర్టులు చేసింది, సీరియళ్లకి రాసింది, వ్యాసాలు, నవలలు రాసింది. 2020లో బొమ్మలతో తన చిన్ననాటి కథ వేసింది. ఆర్ట్ చదువు అన్నేళ్లకి ఒడ్డుకి చేరినట్టు అనిపించి నాకెంత సంతోషమేసిందో. అదే ఏడు రచయితల సంఘం టీవీ రచనలో జీవితకాల కృషికి ఇచ్చే పెద్ద అవార్డు ఇచ్చింది. 2024లో సారా సిల్వర్‌మన్ హోస్ట్‌గా 'స్టుపిడ్ పెట్ ట్రిక్స్' విడి షోగా మళ్లీ వచ్చింది. నాలుగు నెలలకి చచ్చిపోయిన పొద్దుటి షోలోని ఐడియా, నలభై నాలుగేళ్ల తర్వాత!

కాకినాడ_కాజా
టామీని పంపిస్తా 🐕

స్క్రిప్ట్_శ్రావణి
పద్మక్కా, ఒకటి అడగొచ్చా? అక్కడ షోల్లో చేరడానికి 'ప్యాకెట్' పంపాలంటారు కదా, అందులో ఏముంటుంది? అమెరికా షోకి కాదు. ఇక్కడ ఒక ఓటీటీ వాళ్లు తెలుగులో వారం వారం వార్తల మీద కామెడీ షో తలపెట్టారట. రచయితలు కావాలన్నారు. ఏం పంపాలో వాళ్లూ సరిగ్గా చెప్పలేదు.

ఫ్రీమాంట్_పద్మ
ఏ షోకి ఆ షో వాళ్లు అడిగేది వేరు. మామూలుగా అయితే ఆ వారం వార్తల మీద పది పదిహేను చిన్న జోకులు, ఒక్కోటి రెండు వాక్యాలు దాటకుండా. హోస్ట్ టేబుల్ దగ్గర కూర్చుని చేసే ముక్కలు ఒకటో రెండో. బయట షూట్ చేసే ఐడియా ఒకటి. అన్నీ ఆ హోస్ట్ గొంతులో వినపడాలి, నీ గొంతులో కాదు. వార్తలు పాతబడకముందే పంపాలి, రెండు వారాలు దాస్తే చద్దన్నం.

ఒక జాగ్రత్త. ప్రతి కాగితం మీద నీ పేరు, తేదీ వేసుకో. పంపే ముందు పీడీఎఫ్ చేసి నీ మెయిల్‌కి నువ్వే పంపుకో.

పాత_రేడియో
'రచన' అని మొదటి పేజీలో పెద్దక్షరాల్లో వెయ్యమ్మా.

స్క్రిప్ట్_శ్రావణి
వేస్తానండీ. బయట షూట్ ఐడియా ఒకటి ఉంది. మా వీధిలో ఒకాయన గొడుగులు బాగుచేస్తాడు, ఏడాది పొడుగునా అదే పని. మే నెల మిట్టమధ్యాహ్నం హోస్ట్ వెళ్లి ఆయన పక్కన కూర్చోవాలి. ఇంకేం లేదు, కూర్చుని మాట్లాడాలి.

నైట్‌డ్యూటీ_నాని
రాసెయ్యండి. ఇప్పుడే. ఆలోచించకండి.

ఫ్రీమాంట్_పద్మ
గొడుగులాయన్ని ఏం అడగాలో నాలుగు ప్రశ్నలు రాసి పంపు. ఆయన్ని చూసి నవ్వేలా ఉండకూడదు, ఆయనతో కలిసి నవ్వాలి. శనివారం ఖాళీయే, చదివి చెప్తా.

స్క్రిప్ట్_శ్రావణి
శుక్రవారం రాత్రికి పంపుతా అక్కా. మొదటి ప్రశ్న దొరికింది: 'ఇవాళ ఎన్ని గొడుగులొచ్చాయి బాబాయ్?'